మొలలతో ఎవరూ చావరు

ముప్పై నాలుగేళ్ళకే రిటైరైనవాడు అనుభవాలు రాయడం కొంచెం ఎక్కువే. ఒప్పుకుంటాను. కానీ పదకొండేళ్ళు చేసిన పని వదిలేసి వచ్చే నెల ఒక సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా కూర్చోబోతున్నాను. అక్కడ ఫైళ్ళు చూస్తాను. ఇక్కడ మనుషుల పెద్దపేగులు చూశాను. లోపల ఏముందో పైనుంచి తెలియకపోవడం రెండింటికీ ఉన్న గుణమే అనుకుంటా.

అందరిలాగే నేనూ గ్రూప్స్ పరీక్షల కోసమే హైదరాబాద్ అశోక్ నగర్ వచ్చాను. రెండేళ్ళు కోచింగ్ అయ్యాక చేతిలో ఒక డిప్లొమా ఉందని గుర్తొచ్చి, నారాయణగూడలో ఒక గ్యాస్ట్రో ఆస్పత్రిలో ఎండోస్కోపీ టెక్నీషియన్‌గా చేరాను. నోటిఫికేషన్ పడేదాకా చేద్దాం అనుకున్నాను. నోటిఫికేషన్ పడింది, ఆగింది, కోర్టుకు పోయింది, మళ్ళీ వచ్చింది. అంతలో పదకొండేళ్ళయ్యాయి.

నా జాగాలోకి ఇద్దరు కొత్తవాళ్ళు వస్తున్నారు. ఇది వాళ్ళకోసం. ఇందులో ప్రమోషన్ల గురించి ఏమీ ఉండదు, ఎందుకంటే రాలేదు.

గొట్టం

మన పని చెప్పుకోవడానికి అంత బాగుండదు. కెమెరా ఉన్న ఒక పొడుగాటి గొట్టాన్ని డాక్టరు వెనకదారిలో పంపిస్తారు. మనం పక్కన నిలబడి పేషెంటు పొట్ట నొక్కుతాం, అడిగిన పనిముట్టు అందిస్తాం, కోసిన ముక్కను సీసాలో వేసి పేరు రాస్తాం. అయిపోయాక గొట్టం కడుగుతాం. పెళ్ళిచూపుల్లో ఏం చేస్తారని అడిగితే "హాస్పిటల్లో" అని ఆపేయండి.

నాకు పని నేర్పింది హెడ్ టెక్నీషియన్ యాదగిరి అన్న. ఆయన కడగడం గురించి చెప్పింది ఒక్కటే మాట: "గీ గొట్టం రేపు నీ నోట్ల పెడ్తరు అనుకొని కడుగు." ఇన్ఫెక్షన్ల మీద ఆ తర్వాత నేను చాలా క్లాసులు విన్నాను. ఏదీ ఆ మాటను దాటలేదు.

మొదటిరోజు స్క్రీన్ మీద పెద్దపేగు చూసి నోరు తెరిచాను. నేను డ్రైనేజీ అనుకున్నాను. చూస్తే గులాబీ రంగు గోడలు, వాటి మీద తడి మెరుపు, సన్నటి ఎర్రటి నరాలు. మలుపు తిరిగితే ఇంకో వసారా, దాని తర్వాత మూడు మూలల మడతలతో ఇంకోటి. ఎవరూ చూడని చోట ఇంత అందం ఎవరి కోసం పెట్టారో అర్థం కాలేదు. చిక్కడపల్లిలో నేనుండే కిరాయి గది దానికంటే చాలా గలీజుగా ఉండేది.

ఆ గోడ మీద అక్కడక్కడ చిన్న కండ బుడిపె మొలుస్తుంది. అదే పాలిప్. వయసు మీద పడ్డవాళ్ళలో చాలామందికి ఒకటో రెండో ఉంటాయి. వాటిలో కొన్ని ఏళ్ళ తరబడి మెల్లగా మారుతూ మారుతూ క్యాన్సర్ అవుతాయి. కొత్తవాళ్ళకు నేను ఇలా చెబుతాను: ఇది గ్రూప్స్ ప్రిపరేషన్ లాంటిది. చాలా ఏళ్ళు పడుతుంది, చాలావాటికి సెలెక్షన్ రాదు. వచ్చేలోపు మనం చూసి, వైరు ఉచ్చు వేసి కోసేస్తే కథ అక్కడితో ముగుస్తుంది. క్యాన్సర్‌ను క్యాన్సర్ కాకముందే ఆపడం! పదకొండేళ్ళు రోజూ చూసినా నాకు ఈ మాట మామూలు కాలేదు.

కానీ కొన్ని కుటుంబాల్లో బుడిపెలు ఒకటీ రెండూ కావు, వందలు మొలుస్తాయి. వందలమంది రాస్తే ఒకడైనా సెలెక్ట్ కాకపోడు కదా. అక్కడ క్యాన్సర్ వస్తుందా రాదా అనే ప్రశ్నే ఉండదు. ఎప్పుడు అనేదే ప్రశ్న. ఇంకొన్ని కుటుంబాల్లో బుడిపెలు కొన్నే ఉంటాయి, కానీ వాటికి తొందర ఎక్కువ. ఇవి వంశంలో దిగే జబ్బులు.

పెదవి మీద ఇంకు

మా బాస్ వసంత మేడం. అరవై దాటిన మనిషి. ఈ పేటలోనే పుట్టి, ఇక్కడే చదివి, ఇక్కడే డాక్టరు అయ్యారు. కోప్పడరు. కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూస్తారు, మనకు సరిపోతుంది.

నేను చేరిన రెండో ఏడు ఒకాయన పన్నెండేళ్ళ కూతురిని తీసుకొచ్చాడు. తరచూ కడుపునొప్పి. పాప పెదవుల మీద నల్లనల్లటి చుక్కలున్నాయి. "పెన్ను కొరుకుతవా బేటా?" అని అడిగాను, పెద్ద తెలివిగా. మేడం వచ్చి పాప పెదవిని వేలితో కిందికి లాగి లోపల చూశారు. అక్కడా చుక్కలే. ఇంకు లోపలి దాకా పోదు కదా.

"పేగులో పాలిప్స్ ఉంటయ్, చూద్దాం" అన్నారు.

ఉన్నాయి. పెదవి చదివి పేగు చెప్పింది ఆమె. నేను జాతకం చెప్పించుకుందామా అనుకున్నాను. "ఈ జబ్బు కూడా వంశంలో వచ్చేదే" అన్నారు మేడం. "ముఖం మీదే రాసి ఉంటది. మిగతా జబ్బులు అంత మర్యాదగా చెప్పవు. అందుకే నీకు ఆ ఫారం ఇచ్చింది."

ఆ ఫారం అంటే పేషెంటు వచ్చినప్పుడు మనం నింపేది. అందులో ఒక గీత ఉంటుంది: ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా? ఆ గీత మీద నేను "లేదు" అని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. కొన్నిసార్లు అడగకముందే రాశాను. వెనక ఇంకా ఎనిమిది మంది కూర్చుని ఉంటారు. వాళ్ళందరూ నిన్నటి నుంచి ఏమీ తినలేదు. వాళ్ళ చూపులు ఎలా ఉంటాయో మీకే తెలుస్తుంది.

పెన్సిల్

మా దగ్గర ఒక ఆచారం ఉండేది. అపాయింట్‌మెంట్ రిజిస్టరు పెన్సిల్‌తో రాయాలి. యాదగిరి అన్న పెట్టిన పద్ధతి. మా పేషెంట్లలో సగం మంది అశోక్ నగర్ హాస్టళ్ళ పిల్లలు. వాళ్ళ తారీఖులన్నీ పరీక్షల తారీఖులకు కట్టేసి ఉంటాయి. పెళ్ళి, పన్ను పీకించుకోవడం, ఊరికి పోవడం, అన్నీ "ఎగ్జామ్ అయినంకనే". పరీక్ష జరిగితే అవన్నీ జరుగుతాయి. అది వాయిదా పడితే మేం రబ్బరు తీసుకుంటాం. నేనూ ఆ బాపతే కాబట్టి నాకు ఇందులో వింత ఏమీ కనిపించలేదు.

పోయినేడు వానాకాలంలో టీ బండి దగ్గర సంతోష్ కలిశాడు. జనగామ దిక్కు పిల్లోడు, ఇరవై నాలుగేళ్ళు, నేను తినే మెస్సులోనే తింటాడు. పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"అన్నా, జర పరేషానుంది. బాత్రూంకు పోతే రక్తం పడుతున్నది."

"ఎన్ని దినాలైతుంది?"

"రెండు నెలలు."

"రీడింగ్ రూంల ఎన్ని గంటలు కూసుంటవ్?"

"పన్నెండు."

"మెస్సుల ఆ మిరపకాయ తొక్కు ఇంక తింటున్నవా?"

"అది లేకపోతే అన్నం దిగదన్నా."

"మొలలురా. ఈ గల్లీల సగం మందికున్నయ్. సిలబస్‌ల భాగమనుకో."

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది.

అయినా ఆస్పత్రికి రమ్మన్నాను. వచ్చాడు. మేడం చూసి కొలనోస్కోపీ, అంటే గొట్టం పెట్టి పెద్దపేగు చూడటం, చేద్దామని రాశారు. ఫారం నేనే నింపాను.

"ఇంట్ల ఎవరికన్న క్యాన్సర్?"

"లేదన్నా."

"బాపు?"

"నా చిన్నప్పుడే పోయిండు. మొలలతోని."

రాశాను: లేదు. తండ్రి, మొలలు. తారీఖు పెన్సిల్‌తో వేశాను.

పరీక్షకు వారం ముందు పేగు ఖాళీ చేసే మందు తాగితే నీరసం వస్తుందని సంతోష్ భయం. "ఎగ్జామ్ అయినంక వస్త" అన్నాడు. రబ్బరు తీశాను. పరీక్ష వాయిదా పడింది. పరీక్షకు కొత్త తారీఖు వచ్చింది, మేం వేసిన తారీఖు మళ్ళీ దానికి వారం ముందే పడింది. మళ్ళీ రబ్బరు. అది కూడా వాయిదా పడింది. మూడోసారి వాడు అడగకముందే నేనే ఫోన్ చేసి, "నీది కూడా ముందుకు జరిపినలే, టెన్షన్ పడకు" అన్నాను. "థ్యాంక్స్ అన్నా" అన్నాడు. అలా ఏడు నెలలు పోయాయి. రిజిస్టర్‌లో ఆ పేజీ తుడిచీ తుడిచీ పలచబడింది.

మక్క కంకి

చివరికి వచ్చాడు. మత్తు ఇచ్చారు. గొట్టం లోపలికి పోయింది. స్క్రీన్ మీద నాకు తెలిసిన గులాబీ గోడ కనిపించలేదు.

మక్క కంకిని లోపలి వైపుకు తిప్పితే ఎలా ఉంటుందో అలా ఉంది. గింజ పక్కన గింజ, వరస పక్కన వరస. కాలు పెట్టే చోటు లేదు. మలుపు తిరిగితే అక్కడా అంతే. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి నలభై దగ్గర ఆపేశాను. అందం అనకూడదు. కానీ అబద్ధం ఎందుకు, కళ్ళు తిప్పుకోలేకపోయాను. ఒక శరీరం ఇంత పనిని ఎవరికీ చెప్పకుండా, టీ తాగుతూ, కరెంట్ అఫైర్స్ చదువుతూ చేసేసింది.

మేడం ఎడమవైపు కింది మలుపులో ఆగారు. అక్కడ ఒక బుడిపె మిగతావాటిలా లేదు. పెద్దది, గట్టిగా ఉంది, మధ్యలో పుండు. ముక్క తీశారు. సీసా మీద పేరు కొట్టేసి రెండోసారి రాయాల్సి వచ్చింది. సంతోష్ అనే పేరులో ఇన్ని వంకరలు ఉన్నాయని ఆరోజే తెలిసింది.

అయ్యాక మేడం ఫారం చూశారు. కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు.

"మహేశ్, మొలలతో మనిషి చావడం నువ్వెప్పుడన్నా చూసినవా?"

"లేదు మేడం."

"నేనూ చూడలే. నలభై ఏండ్లయింది."

అంతే. అరిస్తే బాగుండేది.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. ఆ ఒక్కటి క్యాన్సర్. మిగతా చోట్లకు ఇంకా పాకలేదు. ఆరోజు మధ్యాహ్నం మేడం గదిలోకి పోయి, ఏడు నెలల కింద చేసి ఉంటే అది క్యాన్సర్ అయి ఉండేది కాదా అని అడిగాను. డైలాగు కూడా సిద్ధం చేసుకుని పోయాను, రాజీనామా లాంటిదేదో.

"ఏమో. నాకు తెలీదు. నీకూ తెలీదు" అన్నారు. "పో, స్కోప్ కడుగు. రెండో కేసు ఎదురుచూస్తుంది."

పోయి కడిగాను. యాదగిరి అన్న చెప్పినట్టే.

నాలుగు పేర్లు, ఒక జబ్బు

పెద్దపేగు తీసేయాలి. ఒకటి కోస్తే మిగతా వందలు ఊరుకోవు. ఆ మాట చెప్పడానికి సంతోష్ వాళ్ళమ్మను పిలిపించారు. మేడం ఒక తెల్లకాగితం తీసి, మగవాళ్ళకు చదరాలు, ఆడవాళ్ళకు సున్నాలు గీస్తూ అడగడం మొదలుపెట్టారు.

"మా ఇంట్ల క్యాన్సర్ లేదు మేడం. దేవుని దయ" అంది అమ్మ.

"మీ ఆయన ఎన్నేండ్లకు పోయిండు?"

"ముప్పై ఎనిమిది. మొలలు."

"ఆయన అన్న?"

"పేగుల గడ్డ. గాయినెకు నలభై నిండలే."

"మీ ఆడబిడ్డ?"

"రక్తం పోయేది. ఎవరో ఏదో పెట్టిండ్రన్నరు."

"మీ మామ?"

"కల్లు పడలే."

ఒక్కో జవాబుకు మేడం ఒక్కో గుర్తును నల్లగా నింపుతూ పోయారు. చివరికి కాగితం మా వైపు తిప్పారు. నాలుగు చదరాలు, ఒక సున్నా నల్లగా ఉన్నాయి. నాలుగో చదరం సంతోష్‌ది. మొలలు, గడ్డ, చేతబడి, కల్లు. నాలుగు పేర్లు పెట్టుకుని ఒకే జబ్బు మూడు తరాలు దర్జాగా తిరిగింది.

నాకు అశోక్ నగర్ జిరాక్స్ షాపులు గుర్తొచ్చాయి. ఎప్పుడో ఎవడో మెటీరియల్‌లో ఒక్క అక్షరం తప్పు కొడతాడు. దాన్ని జిరాక్స్ చేస్తారు, ఆ జిరాక్స్‌ను ఇంకొకడు చేస్తాడు. పదేళ్ళ తర్వాత కూడా బ్యాచ్ మొత్తం అదే తప్పు జవాబు రాస్తుంది. మనిషి లోపల ఉన్న అంత పెద్ద పుస్తకంలో ఒక్కచోట అచ్చుతప్పు. నాన్న దగ్గర ఆ పేజీ రెండు కాపీలుంటాయి, ఒకటి తప్పుది, ఒకటి మంచిది; బిడ్డకు వాటిలో ఏదో ఒకటే వస్తుంది. బొమ్మా బొరుసా. వచ్చినవాడికి వందల గింజలు. రానివాడికి ఏమీ లేదు, వాడి పిల్లలకూ లేదు. ఇంత పెద్ద విషయం ఇంత చిన్న చోట దాక్కోవడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. రోజూ కాదు. టీ తాగాక తగ్గుతుంది.

కాగితం మీద సంతోష్ పక్కన ఇంకో సున్నా ఉంది. ఖాళీగా ఉంది.

"ఇది ఎవరు?" అన్నారు మేడం.

"స్వప్న. మా చెల్లె" అన్నాడు సంతోష్. "ఇరవై ఏండ్లు. చిక్కడపల్లిలనే హాస్టల్ల ఉంటది. కానిస్టేబుల్‌కు ప్రిపేరవుతున్నది."

అమ్మ లేచి నిలబడింది. "పిల్ల మంచిగున్నది. రోజూ ఉరుకుతది. ఉన్న పిల్లకు లేని రోగం ఎందుకు అంటగడ్తరు మేడం?"

"అంటగట్టమమ్మా. ఉంటే చూస్తం, లేకపోతే ఇంటికి పంపిస్తం."

"రక్తం పడ్తలేదు. నొప్పి లేదు."

"రక్తం పడేదాక ఆగినోళ్ళే ఈ నలుగురు" అన్నారు మేడం, కాగితం మీద వేలు పెట్టి.

అమ్మ నన్ను చూసింది. "నువ్వు చెప్పు కొడుకా, మావాని దోస్తువే గదా." నేను నోరు తెరిచేలోపు సంతోష్ అన్నాడు: "అన్నను అడగకే. అన్న నాకు మొలలే అని చెప్పిండు."

వాడు నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు. వృత్తిలో నాకు దొరికిన ఒకే ఒక్క సర్టిఫికెట్ అది.

పెన్ను

సంతోష్‌కు ఆపరేషన్ అయింది. పెద్దపేగు తీసి చిన్నపేగును కిందికి కలిపారు. ఇప్పుడు రోజుకు ఐదారుసార్లు బాత్రూంకు పోతాడు. పరీక్ష హాల్లో తలుపు దగ్గర సీటు ఇమ్మని లెటర్ కూడా తీసుకున్నాడు. "అన్నా, కాపీ కొట్టేటోళ్ళకంటే ఎక్కువసార్లు బయటికి పోతా" అంటాడు. బతికే ఉన్నాడు. ఇంకా చదువుతున్నాడు. రెండిట్లో ఏది గొప్పో చెప్పలేను.

కొడుకు ఆపరేషన్ చూశాక అమ్మ ఒప్పుకుంది; అన్నాచెల్లెళ్ళిద్దరి రక్తం తీసి జన్యు పరీక్షకు పంపారు. అచ్చుతప్పు సంతోష్‌లో ఎక్కడుందో దొరికింది. స్వప్నలోనూ అదే చోట దొరికింది. బొరుసు.

ఇక లోపల చూడాలి. స్వప్న మా రిజిస్టర్ టేబుల్ దగ్గరికి వచ్చింది. సన్నటి పిల్ల, కాళ్ళకు రన్నింగ్ బూట్లు.

"అన్నా, నెలరోజుల్ల నాకు ఎగ్జామ్ ఉన్నది. అయినంక వస్త."

ఆ మాట విన్నాక నా చెయ్యి పెన్సిల్ మీద నుంచి దానంతట అదే లేచింది. జేబులోంచి పెన్ను తీశాను. పరీక్షకు పది రోజుల ముందు తారీఖు వేసి కింద గీత కూడా గీశాను.

"పెన్నుతోని రాస్తున్నరేంది?"

"పెన్సిల్ పోయింది."

"గది పెన్సిలే గదా, మీ చేతి కింద?"

"అది పన్జేయది."



మందు తాగడానికి హాస్టల్‌కు పంపలేదు. వాళ్ళ హాస్టల్లో పద్నాలుగు మందికి ఒక్క బాత్రూం. ఆ మందు తాగినవాళ్ళకు క్యూ కుదరదు. ముందురోజు పొద్దున్నే వార్డులో మంచం ఇస్తానన్నాను. కొత్తవాళ్ళూ, ఇది రాసి పెట్టుకోండి. పుస్తకాల్లో ఉండదు.

ఆ తారీఖుకు రెండు రోజుల ముందు సాయంత్రం నేను టీ బండి దగ్గర ఉండగా గల్లీ అంతా ఒక్కసారి గొల్లుమంది. కానిస్టేబుల్ పరీక్ష వాయిదా. పిల్లలు రోడ్డు మీదికి వచ్చారు. నా ఫోన్ మోగింది. స్వప్న.

ఒక నిమిషం ఎత్తలేదు. ఏమంటుందో నాకు తెలుసు. ఈ పాట నేనే రాశాను, మూడు చరణాలూ నావే.

"హలో."

"అన్నా, ఎగ్జామ్ వాయిదా పడ్డది."

"విన్న."

"మరి..."

"చెప్పు."

"ఆ మందు పొడి చల్లటి నీళ్ళల్ల కలుపుకోవచ్చా? గోరువెచ్చగ తాగితే వాంతి అయితదని మా అన్న చెప్పిండు."

టీ గ్లాసు బండి మీద పెట్టాను. "హలో, అన్నా, ఉన్నరా?" అంటోంది. చల్లటి నీళ్ళయితే ఇంకా మంచిది అని చెప్పాను. ఫోన్ పెట్టేసి ఇంకో టీ చెప్పాను.

స్క్రీన్ మీద గులాబీ గోడ కనిపించింది. ముందు గోడ కనిపించింది, అదే పెద్ద విషయం. దాని మీద గసగసాలు చల్లినట్టు చిన్నచిన్న బుడిపెలు. ఈసారి చివరి దాకా లెక్కపెట్టాను. ముప్పై ఏడు. మేడం ఒక్కోదాని దగ్గర ఆగి, నీళ్ళు చిమ్మి, దగ్గరగా చూశారు. కాస్త పెద్దవి కోసి ఇచ్చారు. సీసాల మీద పేరు రాశాను, ఈసారి ఒక్క కొట్టివేత లేదు. రిపోర్టులు వచ్చాయి. ఒక్కటి కూడా చెడలేదు.

మూడు తరాలను వెంటాడిన దాన్ని అది ఇంకా గసగసంత ఉన్నప్పుడు పట్టుకున్నాం. దానికి మేం వచ్చామని కూడా తెలియదు. నేను గుళ్ళకు పెద్దగా పోను. ఆ గదిలో మాత్రం ఆరోజు చెప్పులు విప్పి నిలబడ్డట్టు అనిపించింది. ఆస్పత్రి రూలు ప్రకారం ఎలాగూ విప్పే ఉన్నాం.

రిపోర్టు చూపిస్తూ మేడం స్వప్నకు చెప్పారు: ఎప్పుడో ఒకనాడు ఆపరేషన్ తప్పదు, కానీ ఆ రోజును మనం ఎంచుకోవచ్చు. అప్పటిదాకా ఏడాదికోసారి చూడాలి.

స్వప్న రిజిస్టర్ దగ్గరికి వచ్చి నిలబడింది. నేను పెన్ను తీసి వచ్చే ఏడాది తారీఖు వేశాను. ఆరోజు ఈ టేబుల్ దగ్గర నేనుండను. మీరుంటారు. అందుకే ఇదంతా రాసింది.

"అన్నా, మరి ఆ రోజే ఎగ్జామ్ ఉంటే?" అంది.

"ఉండదు" అన్నాను. "వాయిదా పడ్తది."